ముప్పై దాటాకే అసలు ఆట మొదలైంది: ఆడ్రియన్ బెల్ట్రే గురించి మాట్లాడుకుందాం

#1 | ఇర్వింగ్_శీను

అందరికీ నమస్కారం. ఇక్కడ క్రికెట్ థ్రెడ్లు వందల్లో ఉన్నాయి. బేస్‌బాల్ మీద ఒక్కటీ కనబడలేదు, అందుకే నేనే తెరుస్తున్నాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇంతమంది ఉన్నారు, టెక్సస్ రేంజర్స్ ఆట చూసేవాళ్లు పదిమందైనా దొరకరా అని ఆశ.

సంగతేంటంటే, మావాడికి తొమ్మిదేళ్లు. ఈ సీజన్‌లో కోచ్ వాణ్ని థర్డ్ బేస్‌లో నిలబెట్టాడు. మొదటి రోజే బంతి ఎగిరి ఛాతీకి తగిలింది, ఏడుస్తూ కారెక్కాడు. "అక్కడ నిలబడటం తేలికైతే ప్రతివాడూ బెల్ట్రే అయిపోయేవాడురా" అన్నాను. "బెల్ట్రే ఎవరు?" అన్నాడు. నిజమే, ఆయన రిటైరయ్యేటప్పటికి వీడికి రెండేళ్లు. ఆ రాత్రి వాడికి పాత వీడియోలు చూపిస్తూ కూర్చుంటే నాకే ఒంటిగంట దాటింది.

తెలియనివాళ్లకు: ఆడ్రియన్ బెల్ట్రే, డొమినికన్ రిపబ్లిక్ కుర్రాడు, 1979లో శాంటో డొమింగోలో పుట్టాడు. 1998 నుంచి 2018 దాకా 21 సీజన్లు అమెరికా మేజర్ లీగ్‌లో ఆడాడు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, సీటెల్ మెరినర్స్, బోస్టన్ రెడ్ సాక్స్, చివరి ఎనిమిదేళ్లు మన రేంజర్స్. మొత్తం 2,933 మ్యాచ్‌లు, 3,166 హిట్లు, 477 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి). 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి (ఈ ఆటలో మహామహులకి దక్కే గౌరవం) వెళ్లాడు.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఇంతటివాడు మొదటి 12 సీజన్లలో ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ జట్టులో (ఏటా మేటి ఆటగాళ్లని ఏరి కట్టే జట్టు) లేడు. ఒక్కసారి కూడా! మొదటిసారి ఎంపికైంది 2010లో, 31 ఏళ్ల వయసులో. మామూలుగా ఆ వయసుకి ఇన్‌ఫీల్డర్ల (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్ల) మోకాళ్లు చేతులెత్తేస్తాయి. ఈయనకి మాత్రం అప్పుడే తెల్లారింది. ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 | తెనాలి_ఓపెనర్

శీను అన్నా, బేస్‌బాల్ అంటే నాకు తెలిసింది ఒకటే, కర్రతో కొట్టి పరిగెత్తుతారు. థర్డ్ బేస్ అంటే మన పాయింట్ ఫీల్డర్ లాంటివాడా? ఇంకోటి, 3,166 అంటే పరుగులా? 21 ఏళ్లకి 3,166 పరుగులైతే మా తాలూకా టోర్నమెంట్ వాళ్లే నయం కదా :)

#3 | ఇర్వింగ్_శీను

తెనాలి తమ్ముడూ, నువ్వు నవ్వినా పర్లేదు, నేనూ 2012లో దిగినప్పుడు ఇదే అడిగాను.

హిట్ అంటే పరుగు కాదు. బంతిని కొట్టి, ఫీల్డర్ తప్పేమీ లేకుండా, అవుట్ కాకుండా కనీసం ఒక బేస్ (పరుగు పూర్తి కావడానికి వరసగా తొక్కాల్సిన నాలుగు చోట్లలో ఒకటి) చేరడం. పదిసార్లు బ్యాట్ పట్టుకుని మూడుసార్లు ఆ పని చేసినవాణ్ని ఈ ఆటలో గొప్ప బ్యాటర్ అంటారు. ఏడుసార్లు ఓడిపోయి కూడా. 3,000 హిట్లు కావాలంటే ఏడాదికి 200 చొప్పున 15 ఏళ్లు కొట్టాలి. బెల్ట్రేకి ముందు నూటపాతికేళ్ల పైబడిన చరిత్రలో ఆ గీత దాటినవాళ్లు 30 మందే.

ఇక థర్డ్ బేస్. నీ పోలిక కొంతవరకు సరే. కుడిచేతి బ్యాటర్ బలంగా లాగి కొడితే బంతి సూటిగా అటే వస్తుంది. బ్యాటర్ నుంచి థర్డ్ బేస్ 90 అడుగులు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు కదా, పిచ్చిన్నర దూరం కూడా లేదు. బంతి గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆలోచించుకోడానికి దొరికేది అర సెకను పైన కాస్త. పట్టుకోవడంతో పని అయిపోదు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి విసరాలి. అది 127 అడుగులు, దాదాపు రెండు పిచ్‌లు. బ్యాటర్ నాలుగు సెకన్లు అటూ ఇటూగా ఫస్ట్ బేస్ తొక్కేస్తాడు. ఈలోపే అన్నీ జరగాలి.

బెల్ట్రే దగ్గర నేను మళ్లీ మళ్లీ చూసేది గట్టిగా వచ్చే బంతి కాదు. చచ్చిపోయినట్టు గడ్డి మీద మెల్లగా దొర్లుతూ వచ్చేది. దానికోసం ముందుకి ఉరకాలి. గ్లవ్‌తో తీసి, అందులోంచి చేతికి మార్చుకునేంత టైం ఉండదు. ఆయన గ్లవ్ చేతిని అసలు వాడడు. పరుగు ఆపకుండా వంగి, వట్టి కుడిచేత్తో బంతిని ఏరుకుని, నిలబడకుండానే నడుము కింద నుంచి పక్కకి విసిరేస్తాడు. మా అమ్మమ్మ కళ్లం దగ్గర నడుస్తూ నడుస్తూనే కిందపడ్డ వేరుశనక్కాయ ఏరి గంపలో వేసేది. అలా ఉంటుంది చూస్తుంటే.

#4 | లెక్కల_మాస్టారు

శీను గారి ప్రశ్నకి సగం జవాబు అంకెల్లోనే ఉంది. కెరీర్‌ని 2009 చివర దగ్గర రెండు ముక్కలు చేసి చూడండి.

మొదటి ముక్క, 12 సీజన్లు: 1,700 హిట్లు, 250 హోమ్ రన్లు. రెండో ముక్క, 9 సీజన్లు: 1,466 హిట్లు, 227 హోమ్ రన్లు. ముప్పై దాటాక, మూడేళ్లు తక్కువ ఆడి, దాదాపు అంతే కొట్టాడు. చాలామంది ఇన్‌ఫీల్డర్లకు ఈ రెండో ముక్క మొదటిదానిలో మూడోవంతు వస్తే గొప్ప.

మొదటి ముక్కలో మాత్రం ఒక వింత ఉంది. 2004. ఆ ఏడాది డాడ్జర్స్‌కి 48 హోమ్ రన్లు, 121 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకొచ్చిన పరుగులు), .334 సగటు, అంటే వెయ్యిసార్లకి 334 హిట్ల లెక్క. నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో ఉండే రెండు సగాల్లో ఒకటి) హోమ్ రన్లలో ఆయనే మొదటివాడు. ఎంవీపీ (ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడు) ఓట్లలో బ్యారీ బాండ్స్ తర్వాత రెండో స్థానం. అంతలా ఆడిన ఏడాదీ ఆల్‌స్టార్ కాలేదు! ఆ మరుసటి ఏడాది 19 హోమ్ రన్లు. అక్కడే ఆయన మీద ఒక ముద్ర పడింది, "కాంట్రాక్ట్ కోసం ఒక్క ఏడాది ఆడినవాడు" అని.

#5 | సీటెల్_ముసురు

ఆ 19 హోమ్ రన్ల ఏడాది మాది మాస్టారూ. పుండు మీద కారం చల్లారు.

నేను 2004 నుంచి ఇక్కడే. 2004 సీజన్ అవగానే మావాళ్లు ఐదేళ్లకి 64 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. ఊరంతా 48 కోసం ఎదురుచూసింది. వచ్చింది 19. తర్వాత 25, 26, 25, గాయాల ఏడాది 8. ఐదేళ్లకి సగటు .266. ఆఫీసులో మా పక్క సీటాయన ప్రతి సోమవారం తిట్టేవాడు, నేనూ తలూపేవాణ్ని. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఎందుకంటే అప్పట్లో మా స్టేడియం కుడిచేతి బ్యాటర్ల పాలిట శని. ఎడమ వైపు మధ్యలో గోడ దూరం, ఎత్తు. దానికి తోడు సముద్రం పక్క చల్లగాలి, బరువు గాలి. వేరే ఊళ్లో రెండో అంతస్తులో పడాల్సిన బంతి ఇక్కడ ఫీల్డర్ చేతిలో పడేది. బెల్ట్రే లాగికొట్టే మనిషి, సరిగ్గా అటే కొడతాడు. మేం స్కోరుబోర్డు చూశాం, గోడని చూడలేదు.

మేం చూడని ఇంకోటి ఆయన గ్లవ్. 2007, 2008 రెండేళ్లూ గోల్డ్ గ్లవ్ (ఆ స్థానంలో మేటి ఫీల్డర్‌కిచ్చే అవార్డు) మా దగ్గరుండగానే వచ్చింది. హోమ్ రన్ కొడితే లేచి నిలబడేవాళ్లం. పరుగు ఆపితే హాట్ డాగ్ తింటూ ఉండేవాళ్లం.

#6 | కాకినాడ_కాజా

ఆ గాయాల ఏడాది కథ ఎవరూ చెప్పరేం? 2009 ఆగస్టు. ఈ మనిషి గార్డ్ పెట్టుకోకుండా థర్డ్ బేస్‌లో నిలబడేవాడు. మన గల్లీలో కార్క్ బాల్‌కే గార్డ్ లేకుండా దిగం. నేల మీద దూసుకొచ్చిన ఒక బంతి ఎగిరి ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది. అయినా మ్యాచ్ అయ్యేదాకా ఆడాడు, అది కూడా 14 ఇన్నింగ్స్ మ్యాచ్, మామూలుగా తొమ్మిదే. తర్వాత మూడు వారాలు బెంచీ.

చదివితేనే నాకు చెమటలు పట్టాయి. మగవాళ్లందరూ ఒక నిమిషం మౌనం పాటించండి.

#7 | తెనాలి_ఓపెనర్

మౌనం పాటించాను. కూర్చునే పాటించాను.

కానీ నాకో అనుమానం. మాస్టారి లెక్కలన్నీ బావున్నాయి. అయినా 21 ఏళ్లు ఆడితే ఎవడికైనా మూడు వేలు రావా? మన దగ్గర కూడా ఇలాంటి వాదన ఉంటుంది కదా, ఎక్కువ మ్యాచ్‌లు ఆడాడు కాబట్టి ఎక్కువ పరుగులు అని. నిలబడి ఉండటం వేరు, గొప్పగా ఆడటం వేరు. కాదంటారా?

#8 | లెక్కల_మాస్టారు

తెనాలి_ఓపెనర్ రాసింది: *"21 ఏళ్లు ఆడితే ఎవడికైనా మూడు వేలు రావా?"*

బాబూ, 21 ఏళ్లు ఎవరు ఆడనిస్తారు? అక్కడ గవర్నమెంటు ఉద్యోగం కాదు కదా, రిటైర్మెంటు వయసు వచ్చేదాకా కుర్చీ ఉంచడానికి. ప్రతి వసంతంలోనూ ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ఆ కుర్చీ కోసం వస్తాడు.

అసలు పాయింటు ఏమిటంటే, ఆయన 21 ఏళ్లు ఆడటం కాదు, 21 ఏళ్లూ థర్డ్ బేస్‌లోనే ఆడటం. బాగా కొట్టే బ్యాటర్ కాళ్లు బరువెక్కగానే జట్టు ఏం చేస్తుంది? పరుగు తక్కువుండే చోటికి జరుపుతుంది. జిమ్ థోమ్ థర్డ్ బేస్‌లో మొదలెట్టి ఫస్ట్ బేస్‌కి వెళ్లాడు. ఆల్బర్ట్ పుహోల్స్ కూడా అంతే. మిగెల్ కబ్రెరా అటూ ఇటూ తిరిగి చివరికి ఫస్ట్ బేస్‌లోనే స్థిరపడ్డాడు. చిప్పర్ జోన్స్‌ని మధ్యలో రెండేళ్లు లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపారు. వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడిన కాల్ రిప్కెన్ అంతటివాణ్ని కూడా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య స్థానం) నుంచి థర్డ్‌కి జరిపారు.

బెల్ట్రే జరగలేదు. థర్డ్ బేస్‌లో 2,759 మ్యాచ్‌లు. చరిత్ర మొత్తంలో ఈ స్థానంలో ఇంతకంటే ఎక్కువ ఆడింది బ్రూక్స్ రాబిన్సన్ ఒక్కడే, 2,870. పైగా 2016లో, 37 ఏళ్ల వయసులో, ఐదో గోల్డ్ గ్లవ్. అదే ఏడాది .300 సగటు, 32 హోమ్ రన్లు. 37 ఏళ్లకి నేను బస్సు మెట్లెక్కితే ఆయాసపడేవాణ్ని.

#9 | వరంగల్_వాణి

మాస్టారూ, మీరు బస్సు మెట్ల దాకా వెళ్లారు కాబట్టి నేను మొదటికి వెళ్తాను. ఈయన కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆరంభం.

డాడ్జర్స్ వాళ్లు ఈయన్ని 1994లో సంతకం పెట్టించుకున్నారు, 23,000 డాలర్ల బోనస్‌కి. రూలు ప్రకారం 16 ఏళ్లు నిండాలి. పిల్లాడికి 15. కాగితాల మీద వయసు పెంచేశారు. తర్వాత అది బయటపడి 1999లో లీగ్ కమిషనర్ డాడ్జర్స్‌కి జరిమానా వేసి, డొమినికన్ రిపబ్లిక్‌లో వాళ్ల పనులు ఏడాది పాటు ఆపేశాడు. ఆటగాడు మాత్రం డాడ్జర్స్‌తోనే ఉండాల్సొచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి స్కూల్ గుర్తొచ్చింది. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టర్ "ఎన్నేళ్లు?" అంటే మా నాన్న "రాసుకోండి సార్" అన్నాడట. జూన్ 1 అని రాశారు. మా క్లాసులో పదకొండు మందికి జూన్ 1నే పుట్టినరోజు. మా దగ్గర ఉద్యోగానికి పనికొస్తుందని తగ్గిస్తారు, అక్కడ ఆటకి పనికొస్తుందని పెంచారు. బీదింట్లో పిల్లాడి వయసు ఎప్పుడూ ఎవరికో అవసరమొచ్చినట్టే ఉంటుంది.

అలా వచ్చిన పిల్లాడు 1998 జూన్ 24న, 19 ఏళ్లకే, మేజర్ లీగ్‌లో దిగాడు. బ్యాట్ పట్టుకున్న మొదటిసారే డబుల్ కొట్టాడు. అంటే ఒక్క దెబ్బకి రెండో బేస్.

#10 | తెనాలి_ఓపెనర్

వాణి గారూ, మా నాన్నకి రెండు పుట్టినరోజులు. సర్టిఫికెట్‌ది ఒకటి, మా నానమ్మ చెప్పేది ఇంకొకటి, "గోదారి పుష్కరాలకి ముందు వచ్చే వానల్లో" అని. రెండో దానికే పాయసం.

#11 | వరంగల్_వాణి

:) పాయసం ఉన్నదే అసలుది.

ఇంకొకటి కూడా మర్చిపోకముందే రాస్తాను. 2001 మొదట్లో సెలవుల్లో సొంత దేశంలో ఉండగా ఈయనకి అపెండిక్స్ వచ్చింది. ఆపరేషన్ సరిగ్గా జరగలేదు, చీము పట్టింది, గాయం మానలేదు. మళ్లీ ఆపరేషన్, బరువు తగ్గిపోవడం. కడుపు దగ్గర గాయంతో ఆ ఏడాది ఆలస్యంగా దిగి కూడా 126 మ్యాచ్‌లు ఆడాడు. నేను నర్సుని, కడుపు కండరం కోస్తే ఏమవుతుందో రోజూ చూస్తాను. మంచం మీద పక్కకి తిరగడానికే మనుషులు నన్ను పిలుస్తారు. బ్యాట్ తిప్పడమంటే పూర్తిగా ఆ కండరంతోనే. మొదటి 12 ఏళ్లు ఎందుకు మామూలుగా ఉన్నాయని అడిగేవాళ్లు ఈ ఏడాదిని కూడా లెక్కలో వేసుకోవాలి.

#12 | ఇర్వింగ్_శీను

వాణి గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. థాంక్స్ అండీ.

బోస్టన్ సంగతి రాసేవాళ్లు ఎవరూ లేనట్టున్నారు, నేనే రెండు ముక్కలు. సీటెల్ తర్వాత పెద్ద కాంట్రాక్ట్ పట్టుకునే పరిస్థితి లేదు, 2010లో ఒక్క ఏడాదికి రెడ్ సాక్స్‌కి వెళ్లాడు. అక్కడ ఎడమ వైపు గోడ ఎత్తేగానీ బాగా దగ్గర. ఆ గోడకేసి కొట్టుకున్నాడు: 49 డబుల్స్, .321, 28 హోమ్ రన్లు. మొదటి ఆల్‌స్టార్. తర్వాత రేంజర్స్ ఐదేళ్లకి 80 మిలియన్లు. 31 ఏళ్లవాడికి ఇంత డబ్బా అని అప్పుడు ఇక్కడ చాలామంది పెదవి విరిచారని విన్నాను.

#13 | ఆర్లింగ్టన్_పాతకాపు

విన్నావు కాదు తమ్ముడూ, విరిచినవాళ్లలో నేనొకణ్ని. 2006లో వచ్చాను ఈ ఊరికి. "సీటెల్‌లో చేతులెత్తేసినవాడు మనకెందుకు" అని మా అల్లుడితో వాదన కూడా వేసుకున్నాను. ఆ 2011 అక్టోబర్ నా నోరు మూయించింది.

అక్టోబర్ 4, టాంపా బే జట్టు మీద ప్లేఆఫ్ (నాకౌట్ దశ) మ్యాచ్. ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు. సరే అనుకున్నాం. తర్వాత వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకి కప్పు, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో. ఐదో మ్యాచ్ ఇక్కడే ఆర్లింగ్టన్‌లో. ఎదురుగా క్రిస్ కార్పెంటర్, మామూలు పిచర్ (బంతి విసిరేవాడు) కాదు. బంతి వంగి కిందకి పడుతోంది. బెల్ట్రే ఊపుతూ ఊపుతూ కుడి మోకాలు మట్టికి ఆనించేశాడు. మా చిన్నప్పుడు ఆంజనేయస్వామి పటంలో ఒక మోకాలు కింద ఆనించి ఉంటాడు చూడు, అదిగో ఆ భంగిమ. బంతి మాత్రం ఎడమ గోడ దాటింది. మోకాలు నేలకానించి హోమ్ రన్ కొట్టడమేంట్రా బాబూ అని మా అల్లుడు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. ఆయనకది అలవాటట, అదృష్టం కాదు.

ఆ మ్యాచ్ 4-2తో గెలిచాం. ఇంకొక్కటి గెలిస్తే చాలు.

అక్టోబర్ 27, ఆరో మ్యాచ్. అందులోనూ బెల్ట్రే హోమ్ రన్ కొట్టాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క స్ట్రైక్ దూరం. అంటే ఇంకొక్క బంతి మంచిగా పడితే కప్పు మనది. పడలేదు. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఒక్క స్ట్రైక్ దూరం. మళ్లీ పడలేదు. పదకొండో ఇన్నింగ్స్‌లో 10-9తో పోయింది. మా ఇంట్లో టీవీ ఎవరు కట్టేశారో కూడా గుర్తులేదు. మర్నాడు ఏడో మ్యాచ్ ఉంది, చూశాం, కానీ చావింట్లో భోజనం చేసినట్టు చూశాం.

రేంజర్స్ మొదటి కప్పు 2023లో గెలిచారు. అప్పటికి బెల్ట్రే బ్యాట్ పక్కనపెట్టి ఐదేళ్లు.

#14 | తెనాలి_ఓపెనర్

అయ్యో. 21 ఏళ్లకి ఒక్క కప్పు కూడా లేదా?

ఇది మాత్రం నాకు అర్థమవుతుంది. మన హైదరాబాద్ లక్ష్మణ్ గుర్తొచ్చాడు. 134 టెస్టులు, కోల్‌కతాలో 281, వందకి పైగా క్యాచ్‌లు. ఒక్క వన్డే వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా లక్ష్మణ్ గురించి చెప్పేటప్పుడు ఎవరూ అది ముందు చెప్పరు.

సరే మాస్టారూ, #7లో నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు, ముప్పాతిక.

#15 | లెక్కల_మాస్టారు

ముప్పాతిక చాలు. ఓటింగ్‌లో కూడా 75 శాతం వస్తేనే హాల్ ఆఫ్ ఫేమ్. బెల్ట్రేకి మొదటి ప్రయత్నంలోనే 385లో 366 ఓట్లు, 95.1 శాతం. వేయని ఆ 19 మంది ఎవరో గానీ, తెనాలి వాళ్లే అయి ఉండాలి.

#16 | సీటెల్_ముసురు

ఇంత సీరియస్‌గా మాట్లాడుకుంటూ తల సంగతి వదిలేశారేంటి?

కొత్తవాళ్లకి: బెల్ట్రేకి ఎవరైనా తల ముట్టుకుంటే మహా చిరాకు. ఇది మా దగ్గరున్నప్పుడే బయటపడింది, ఫెలిక్స్ హెర్నాండెజ్ కావాలనే గెలికేవాడు. టెక్సస్ వెళ్లాక షార్ట్‌స్టాప్ ఎల్విస్ ఆండ్రూస్‌కి అదే పని. హోమ్ రన్ కొట్టి డగౌట్‌కి (జట్టు కూర్చునే చోటు) వస్తుంటే అందరూ చేతులు కలుపుతారు, ఎల్విస్ మాత్రం వెనక నుంచి నెత్తి మీద ఒకటి వేసి పారిపోతాడు. ఈయన గ్లవ్ విసురుతాడు. కోట్ల రూపాయల మనుషులు, ఏడో తరగతి చివరి బెంచీ వేషాలు.

ఆకాశంలోకి లేచిన క్యాచ్ ఇద్దరి మధ్యకి వస్తే ఇంకా చోద్యం. ఎల్విస్ పట్టడానికి వెళ్తే ఈయన పక్కనే నిలబడి తనే పడుతున్నట్టు నటిస్తాడు. స్లిప్‌లో ఇలా చేస్తే మన కెప్టెన్లు ఊరుకుంటారా?

#17 | కాకినాడ_కాజా

చాప కథ కూడా చెప్పండి! సరే నేనే చెప్తా. 2017 జులై 26, మయామీతో మ్యాచ్, రేంజర్స్ చిత్తుగా ఓడిపోతున్నారు. తర్వాత బ్యాటింగ్‌కి వచ్చేవాడు నిలబడటానికి నేల మీద గుండ్రటి చాప లాంటిది ఉంటుంది. ఈయన దాని పక్కన కొంచెం దూరంగా నిలబడ్డాడు, పిచర్‌ని బాగా చూడొచ్చని. అంపైర్ "చాప మీదకి వెళ్లు" అన్నాడు. ఈయన వెళ్లలేదు. వంగి, చాపని అంచు పట్టుకుని తను నిలబడ్డ చోటికి లాక్కుని, దాని మీద నిలబడ్డాడు.

చెప్పింది చెప్పినట్టే చేశాడు కదా! అంపైర్ బయటికి పంపేశాడు. మా ఆవిడ బేస్‌బాల్ చూడదు, ఈ వీడియో మాత్రం పదిసార్లు చూసింది. మా ఇంట్లో ఇప్పుడు "చాప లాగకు" అనేది ఒక సామెత.

#18 | మోడరేటర్_గోపి

మధ్యలో ఐపీఎల్ వేలం గురించి వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది. కాజా గారూ, వీడియో లింకు పనిచేయట్లేదు, సరిచేయండి.

#19 | ఇర్వింగ్_శీను

ఆ చాప మ్యాచ్ అయిన నాలుగు రోజులకి, జులై 30 ఆదివారం, నేను స్టేడియంలో ఉన్నాను. ఇది రాయకుండా ఈ థ్రెడ్ వదలలేను.

ఆ ఏడాది మొదలయ్యేటప్పటికి ఆయనకి 2,942 హిట్లు. ఇంకో 58 కావాలి. పిక్క కండరం పట్టేసి మొదటి రెండు నెలలు ఆడనే లేదు. మే చివర్లో దిగాడు. జులై చివరికి ఒక్కటి మిగిలింది. మా కొలీగ్ దగ్గర రెండు టికెట్లు మిగిలితే నేనూ మా ఆవిడా వెళ్లాం. పాత స్టేడియం, పైకప్పు లేదు. ఇప్పటి ఏసీ స్టేడియం 2020లో వచ్చింది. టెక్సస్ జులై మధ్యాహ్నం ఎలా ఉంటుందో రామగుండం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఐస్ నీళ్ల సీసా మెడ వెనక పెట్టుకుని కూర్చున్నాం. మావాణ్ని, అప్పుడు చంటిపిల్లాడు, అత్తగారి దగ్గర వదిలి వచ్చాం.

నాలుగో ఇన్నింగ్స్. బాల్టిమోర్ పిచర్ వేడ్ మైలీ. మూడు బంతులు వరసగా పక్కకి పోయాయి. ఇంకోటి పక్కకి పోతే ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచిపోవచ్చు, మామూలుగా ఆ బంతికి ఎవరూ ఊపరు. ఈయన ఊపాడు. ఎడమ లైను పక్క నుంచి బంతి దూసుకుపోయింది. డబుల్. వాణి గారు చెప్పారే, 1998లో మొదటి హిట్టూ డబులే. ఆ మాట ఈరోజే తెలిసింది నాకు.

జట్టంతా మైదానంలోకి వచ్చేసింది. నేను ఆయన్నే చూస్తున్నాను. మా ఆవిడ మాత్రం మోచేత్తో పొడిచి "అటు చూడు" అంది. ఆయన పిల్లలు అవుట్‌ఫీల్డ్ వైపు పరిగెడుతున్నారు. అక్కడ ఒక బ్యానర్ కప్పి ఉంచారు. ఆ గుడ్డ లాగితే 3,000 అని ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టినవాళ్లలో ఆ అంకె చేరిన మొదటివాడు ఈయనే. నా ముందు వరసలో ఒక ముసలాయన, చేతిలో డొమినికన్ జెండా, ఏడుస్తున్నాడు. ఏడవటానికి సిగ్గుపడట్లేదు, కళ్లద్దాలు కూడా తీయట్లేదు.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. పార్కింగ్‌లోంచి బయటపడటానికి గంటన్నర పట్టింది. ఎవరూ హారన్ కొట్టలేదు.

#20 | ఆర్లింగ్టన్_పాతకాపు

ఆ గంటన్నరలో నేనూ నీ వెనకో ముందో ఉండే ఉంటాను తమ్ముడూ. వెండి రంగు కామ్రీ.

2019 జూన్‌లో ఆయన 29 నంబర్ జెర్సీని రిటైర్ చేసినప్పుడు కూడా వెళ్లాను. ఇక మా జట్టులో ఆ నంబర్ ఎవరూ వేసుకోరు. ఇంకో చిత్రం గమనించారా? ఒకే మ్యాచ్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ అన్నీ కొడితే సైకిల్ అంటారు. చాలామందికి జన్మలో ఒక్కటీ ఉండదు. ఈయనకి మూడున్నాయి, 2008, 2012, 2015. మూడూ మా ఆర్లింగ్టన్ పాత స్టేడియంలోనే. 2008లో మాత్రం సీటెల్ చొక్కా వేసుకుని మా మీదే కొట్టాడు. అప్పుడు నేను తిట్టిన తిట్లు దేవుడు ఎక్కడో రాసుకునే ఉంటాడు.

#21 | సీటెల్_ముసురు

మేమిచ్చిన 64 మిలియన్లకి ఆ ఒక్క సైకిలూ మీ ఊళ్లో తొక్కాడా! అదీ మా రాత.

#22 | తెనాలి_ఓపెనర్

నిన్న రాత్రి మూడు గంటలు వీడియోలు చూశా. వట్టిచేత్తో తీసి విసిరేవి. మా టీంలో నేను షార్ట్ కవర్‌లో ఉంటా, ఇవాళ పొద్దున ప్రాక్టీస్‌లో అలా ట్రై చేశా. బంతి అంపైర్ గొడుగుకి తగిలింది. శీను అన్నా, మీవాడు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లాడా ఇంతకీ?

#23 | ఇర్వింగ్_శీను

వెళ్లాడు. శనివారం రెండు బంతులు ఆపాడు, ఒకటి కాళ్ల మధ్య నుంచి పోయింది. కార్లో ఎక్కాక "కాళ్ల మధ్యలోంచి పోయింది నా తప్పు కాదు, గ్లవ్ గట్టిగా ఉంది, మూసుకోవట్లేదు" అన్నాడు. గ్లవ్ కొత్తదే, పదకొండున్నర అంగుళాలది. షాపతను నూనె రాయమన్నాడు. ఎంత రాయాలి, ఎవరికైనా తెలుసా?

#24 | ఆర్లింగ్టన్_పాతకాపు

తక్కువ. చాలా తక్కువ. మా మనవడి గ్లవ్‌కి నేను ఆవకాయకి పోసినట్టు పోశాను, బరువెక్కి తడిగుడ్డలా వేలాడింది, పారేశాం. గుడ్డకి నాలుగు చుక్కలు వేసి మడత దగ్గర, వేళ్ల మధ్య తోళ్లకి మాత్రం రుద్దు. లోపల బంతి పెట్టి రబ్బరు బ్యాండ్ వేసి రాత్రంతా పరుపు కింద ఉంచు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ ఒక అరగంట వాడికి బంతి విసురు. నువ్వు కూడా గార్డ్ పెట్టుకో.